ముందు లాగ్, తరువాతే స్క్రూడ్రైవర్: నక్కలగుట్టలోని ఒక సర్వర్ సర్వీసుపై సమీక్ష

నేను వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రికి కొద్ది దూరంలో ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో కంప్యూటర్ల బాధ్యత చూస్తాను. హన్మకొండ నక్కలగుట్టలో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే సర్వర్ రిపేరు సర్వీసుతో గత పది నెలలుగా మాకు పని పడుతోంది. ఆ అనుభవాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సర్వీసు పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే దాన్ని నడిపే పెద్దమనిషే వద్దన్నారు. ఆయన, ఆయన మేనల్లుడు ఇద్దరే పనిచేస్తారు, ఉన్న పనికే సమయం చాలడం లేదట. పేరు లేని సమీక్ష ఎవరికి ఉపయోగమని మా రిసెప్షన్ అమ్మాయి కూడా అడిగింది. సర్వర్ నడుస్తూనే ఉండి నెట్‌వర్క్‌కు అందకుండా పోయే మాలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు మీరు ఎవరిని పిలిచినా, వచ్చినవారు సరైన దారిన వెళ్తున్నారా లేదా అని పోల్చి చూసుకోవడానికి ఇది పనికొస్తుందని నా ఉద్దేశం.

మా దగ్గర ఉన్నది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఒక టవర్ వర్క్‌స్టేషన్. మెమరీ 64 జీబీ. దాని మీద ప్రాక్స్‌మాక్స్ ఎనిమిదో వెర్షన్ నడుస్తుంది. డెబియన్ లినక్స్ మీద కట్టిన ఈ వ్యవస్థ, 2007లో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే, అంటే యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రాంలోనే, భాగమైన కేవీఎం సాయంతో, ఒకే యంత్రంలో అనేక వర్చువల్ మెషీన్లను, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లను, నడుపుతుంది. మాకు అలాంటివి ఆరు ఉన్నాయి: బిల్లింగ్, ల్యాబ్ రిపోర్టులు, ఆ రిపోర్టుల డేటాబేస్, ఎక్స్‌రే బొమ్మలు దాచే పాక్స్, ఫైల్ షేరింగ్, టాలీ కోసం ఒక విండోస్. అప్పట్లో యంత్రానికి మదర్‌బోర్డు మీద ఉన్న నెట్‌వర్క్ పోర్టు ఒక్కటే ఉండేది. ఆరు మెషీన్లూ కెర్నెల్‌లోని బ్రిడ్జ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్) గుండా వచ్చి ఆ ఒక్క పోర్టులోంచే బయటికి పోవాలి. ఊరి జనమంతా ఒకే గవిని గుండా పోయినట్టు అన్నమాట.

ఇబ్బంది వానాకాలంలో మొదలైంది. మూడు నాలుగు రోజులకొకసారి, రాత్రి తొమ్మిదిన్నర దాటాక, ఇంకా ఓపీ పేషెంట్లు బెంచీల మీద కూర్చుని ఉండగానే, రిసెప్షన్ నుంచి "సర్వర్ పోయింది" అని కేక వచ్చేది. వెళ్లి చూస్తే యంత్రం మీద దీపాలు వెలుగుతూనే ఉండేవి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉండేవి, కానీ ఏ కంప్యూటర్ నుంచి పింగ్ చేసినా జవాబు ఉండేది కాదు. పవర్ బటన్‌ను ఒకసారి నొక్కితే పద్ధతిగా ఆగడానికి ప్రయత్నించి ఎంతకీ ఆగేది కాదు కనుక, బటన్‌ను నొక్కిపట్టి బలవంతంగా ఆపి మళ్లీ ఆన్ చేయడం మాకు అలవాటైపోయింది. ఆ అలవాటే అసలు కారణాన్ని రెండు నెలలపాటు కప్పిపెట్టిందని తరువాత తెలిసింది.

నక్కలగుట్టకు వెళ్లేముందు మేము వేరే సర్వీసువారిని పిలిచాము. వారు మొదట కేబుల్ మార్చారు. తరువాత 24 పోర్టుల స్విచ్ మార్చారు, ఆ ఖర్చు మాదే. మూడోసారి వచ్చిన కుర్రాడు విండోస్ వర్చువల్ మెషీన్ సెట్టింగులు తెరిచి, అందులో నెట్‌వర్క్ కార్డు మోడల్ ఈ1000 అని కనబడగానే, ఇదే తప్పు అని దాన్ని మార్చి వెళ్లిపోయాడు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల జరిగే పొరపాటు ఇది. వర్చువల్ మెషీన్ లోపల కనబడే ఈ1000 అనేది సాఫ్ట్‌వేర్ అనుకరించి చూపించే ఒక ఊహా కార్డు. హోస్ట్ (అసలు యంత్రం) కెర్నెల్‌లో ఉండే ఈ1000ఈ అనేది మదర్‌బోర్డు మీద నిజంగా ఉన్న పోర్టును నడిపే డ్రైవర్. మొదటిదాన్ని మార్చితే టాలీ కొంత వేగంగా నడవవచ్చునేమో గానీ, రెండోదానికి పట్టిన జబ్బు తగ్గదు. ఈ కుర్రాడి చికిత్స తరువాత మళ్లీ నాలుగో రోజునే నెట్‌వర్క్ పోయింది. చివరికి వారు 2,80,000 రూపాయలకు కొత్త సర్వర్ కొటేషన్ పంపారు. మా డాక్టరు గారు దాన్ని చదివి నా చేతికిచ్చి, ఇంకెవరినైనా అడగమన్నారు.

నక్కలగుట్ట సర్వీసు నంబరు నాకు కాజీపేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్ నడిపే బంధువు ఇచ్చాడు. ఫోన్ చేసి కథంతా చెప్పాను. వెంటనే వస్తామని ఆయన అనలేదు. "మళ్ల పోయినప్పుడు బటన్ ముట్టకుండ్రి సార్. మానిటర్ పెట్టుండ్రి, కీబోర్డు పెట్టుండ్రి, నాకు ఫోన్ చెయ్యుండ్రి" అన్నారు. ఆ మాటకు అప్పుడు కొంత విసుగు కలిగిన మాట నిజం, కాని కారణం అడిగితే ఓపికగా చెప్పారు. కెర్నెల్ తనకు ఏ బాధ వచ్చినా లాగ్ అనే చిట్టాలో సందేశంగా రాసుకుంటుంది. ఆ రాత వెంటవెంటనే కాక విడతలు విడతలుగా డిస్క్ మీదికి చేరుతుంది. బటన్ నొక్కిపట్టి కరెంటు తీసేస్తే చివరి నిమిషాల సందేశాలు డిస్క్‌కు చేరకుండానే పోయే ప్రమాదం ఉంటుంది, మనకు కావలసినవి సరిగ్గా ఆ చివరి నిమిషాలవే. వర్చువల్ మెషీన్ల లోపలి లాగ్‌లు వెతికినా ప్రయోజనం లేదని కూడా ఆయన అప్పుడే చెప్పారు. హోస్ట్ పోర్టు బిగుసుకుపోయినా, వర్చువల్ మెషీన్‌కూ బ్రిడ్జ్‌కూ మధ్య ఉన్న ఊహా తీగ తెగదు కనుక, లోపలున్న విండోస్‌కు తన కేబుల్ చక్కగా ఉన్నట్టే కనబడుతుంది. అంతకు ముందు వచ్చినవారు విండోస్ ఈవెంట్ లాగ్‌నే గంటసేపు తిరగేసి ఏమీ లేదని తేల్చారు.

ఐదు రోజుల తరువాత, ఒక శుక్రవారం రాత్రి, మళ్లీ పోయింది. పాత మానిటర్ ఒకటి తెచ్చి తగిలించేసరికి నల్లటి తెర మీద ఒకే సందేశం దాదాపు రెండు సెకన్లకొకసారి పడుతూ కనిపించింది: డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్. దాని కింద టీడీహెచ్, టీడీటీ అనే పేర్లు, వాటి పక్కన అంకెలు. మధ్యమధ్య అడాప్టర్‌ను రీసెట్ చేశానని ఒక వాక్యం, పోర్టు లేచిందని మరొక వాక్యం, మళ్లీ అదే హ్యాంగ్. ఫోటో తీసి పంపాను. ఆయన ఫోన్‌లోనే ఉండి నాచేత రెండు మూడు ఆదేశాలు కొట్టించి, ఆ లాగ్‌ను ఫైల్‌గా దాచిపెట్టించి, ఆ తరువాతే రీబూట్ చేయనిచ్చారు. పేషెంట్లు పావుగంట అదనంగా వేచి ఉండాల్సి వచ్చింది. అందుకు రిసెప్షన్‌లో నేను పడ్డ మాటలు వేరే సంగతి.

మరునాడు ఉదయం మామా అల్లుళ్లిద్దరూ వచ్చారు. స్క్రూడ్రైవర్ సంచి తెరవకుండానే దాదాపు గంటన్నర కూర్చుని లాగ్‌లే చదివారు. గత బూట్‌ల కెర్నెల్ సందేశాలను జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశంతో ఒక్కొక్కటిగా తెరిచి, బలవంతపు రీబూట్‌ల మధ్య కూడా ఏడు చోట్ల ఈ హ్యాంగ్ మొదలైన జాడను పట్టుకున్నారు. ఏడూ రాత్రి 9.31 నుంచి 9.50 లోపలే. బ్యాకప్ 9.30కి మొదలవుతుందని నేను చెప్పగానే మేనల్లుడు నవ్వాడు. ఆ తరువాత పెద్దాయన ల్యాబ్ రిపోర్టుల మెషీన్ లాగ్ తెరిచి చూపించిన విషయం నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే నచ్చింది. బయట రిసెప్షన్‌కు సర్వర్ అందని ఆ ఇరవై నిమిషాల్లోనూ, ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కూ డేటాబేస్‌కూ మధ్య సంభాషణ ఒక్క తప్పు లేకుండా సాగింది. ఆ రెండు మెషీన్లూ ఒకే బ్రిడ్జ్ మీద ఉన్నాయి కనుక, వాటి మధ్య నడిచే డేటా హోస్ట్ మెమరీలోనే అటూ ఇటూ తిరుగుతుంది తప్ప పోర్టును తాకదు. అంటే కెర్నెల్ బాగుంది, బ్రిడ్జ్ బాగుంది, వర్చువల్ మెషీన్లు బాగున్నాయి. బ్రిడ్జ్ దాటి బయటికి పోయే ఆ ఒక్క గుమ్మమే మూసుకుపోయింది. కొత్త సర్వర్ కొటేషన్ విలువ ఎంతో ఆ ఒక్క పరిశీలనతో తేలిపోయింది.

టీడీహెచ్, టీడీటీ అంటే ఏమిటని అడిగితే ఆయన ఎనుమాముల మార్కెట్‌ను ఉదాహరణగా చెప్పారు. పత్తి సీజన్‌లో కాంటా ముందు బండ్లు వరుసగా నిలబడతాయి. కొత్తగా వచ్చిన బండికి గుమాస్తా టోకెన్ ఇస్తాడు, కాంటా దగ్గరివాడు ఒక్కో బండిని తూచి పంపుతాడు. చివరి టోకెన్ నంబరు టీడీటీ, ప్రస్తుతం కాంటా మీద ఉన్న బండి నంబరు టీడీహెచ్. మొదటిదాన్ని డ్రైవర్ ముందుకు జరుపుతుంది, రెండోదాన్ని నెట్‌వర్క్ చిప్ జరుపుతుంది. బండ్లు వస్తూనే ఉండి, కాంటా మీది నంబరు మాత్రం కదలకుండా ఉంటే కాంటా బిగుసుకుందని అర్థం. మా తెర మీద జరిగింది అదే. టీడీటీ ముందుంది, టీడీహెచ్ మాత్రం ప్రతి సందేశంలోనూ అదే అంకె దగ్గర ఆగి ఉంది. డ్రైవర్ ఈ సంగతి గమనించి చిప్‌ను రీసెట్ చేస్తుంది, కాని బ్యాకప్ వెళ్లే నాస్‌కు (నెట్‌వర్క్ మీది నిల్వ పెట్టెకు) ఎన్ఎఫ్ఎస్ అనే ఫైళ్లు పంచుకునే పద్ధతి ద్వారా కలిపిన దారి జవాబు వచ్చేదాకా పట్టు విడవకుండా మళ్లీ మళ్లీ పంపే రకం కనుక, పోర్టు లేచిన మరుక్షణమే ఆ బరువంతా మీద పడి మళ్లీ బిగుసుకునేది. పవర్ బటన్‌ను ఒకసారి నొక్కితే యంత్రం ఎంతకీ ఆగకపోవడానికీ ఆ ఎన్ఎఫ్ఎస్ పట్టుదలే కారణమట.

చిప్ ఎందుకు బిగుసుకుంటుందన్న ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానం టీఎస్ఓ దగ్గరికి వెళ్లింది. సాధారణంగా నెట్‌వర్క్‌లో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్లకు మించకూడదు. పెద్ద ఫైల్‌ను పంపేటప్పుడు ఆ ముక్కలు కోసే పనిని ప్రాసెసర్ మీద పెట్టకుండా, కెర్నెల్ 64 కేబీ వరకు ఉన్న పెద్ద ముద్దను అలాగే కార్డుకు అందిస్తుంది, కార్డే దాన్ని సుమారు 45 ప్యాకెట్లుగా కోసి పంపుతుంది. ఈ సదుపాయమే టీఎస్ఓ. ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే కొన్ని చిప్‌లు ఇలాంటి ముద్దలు ఎడతెగకుండా వచ్చినప్పుడు మధ్యలో ఆగిపోతాయన్నది లినక్స్‌లో సర్వర్లు నడిపేవారికి చాలా ఏళ్లుగా తెలిసిన సంగతే. ఆఫీసు కంప్యూటర్‌గా ఉన్నంతకాలం ఈ చిప్‌కు అంత బరువు పడదు. అదే యంత్రాన్ని వర్చువలైజేషన్ హోస్ట్‌గా మార్చి, ఆరు మెషీన్ల బరువునూ బ్యాకప్‌నూ ఒక్క పోర్టు మీద పెట్టినప్పుడే లోపం బయటపడుతుంది. మా విషయంలో బ్యాకప్ జరుగుతుండగానే డాక్టర్లు పాక్స్ నుంచి ఎక్స్‌రే బొమ్మలు తెరిచిన రాత్రుల్లోనే హ్యాంగ్ వచ్చిందని వారు సమయాలు కలిపి చూపించారు. యంత్రం బయటికి పంపేటప్పుడే ఇది వస్తుంది, బయటినుంచి తీసుకునేటప్పుడు కాదు. పగలంతా రిపోర్టులు లోపలికి ఎక్కుతున్నా ఏమీ కాకపోవడానికి అదే కారణం.

మందు ఒక్క వరుస. ఈథ్‌టూల్ ఆదేశంతో ఆ పోర్టుకు టీఎస్ఓను ఆపేశారు. ఇంటర్నెట్‌లో దీనికి చెప్పే సలహాల్లో చాలావాటిలో టీఎస్ఓ, అలాంటివే అయిన జీఎస్ఓ, జీఆర్ఓ మూడింటినీ ఒకేసారి ఆపమని ఉంటుంది. నేను అదే అడిగితే ఆయన ఒప్పుకోలేదు, మూడూ కలిపి ఆపితే దేనివల్ల నయమైందో ఎప్పటికీ తెలియదన్నారు. ఆదేశంగా కొట్టింది రీబూట్‌తో పోతుంది కనుక, నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసుల ఫైల్‌లో పోర్టు లేచిన ప్రతిసారీ నడిచే పోస్ట్-అప్ వరుసగా రాసి, నా ఎదుటే రీబూట్ చేసి, టీఎస్ఓ నిజంగా ఆగి ఉందని చూపించారు. ముక్కలు కోసే పని ఇప్పుడు ప్రాసెసర్ మీద పడింది కదా, వేగం తగ్గుతుందేమోనన్న నా అనుమానం తీర్చడానికి ఐపెర్ఫ్‌తో ముందూ వెనుకా కొలిచారు. రెండుసార్లూ సెకనుకు 941 మెగాబిట్లు. గిగాబిట్ తీగ మీద అంతకంటే ఆశించలేము. ప్రాసెసర్ వాడకం కొద్దిగా పెరిగింది, అది లెక్కలోకి తీసుకోవలసినంత కాదు.

అదే గంటన్నర చదువులో ఇంకొక లోపం కూడా దొరికింది. దాని కోసం మేము పిలవనే లేదు. లాగ్‌లో అక్కడక్కడా, ముఖ్యంగా మధ్యాహ్నం పూట, బ్రిడ్జ్ తన సొంత చిరునామాతో ఉన్న ప్యాకెట్‌ను బయటినుంచి అందుకున్నానని రాసుకుంది. మనం రాసి డబ్బాలో వేసిన ఉత్తరం మన పేరుతోనే మన గడప దగ్గరికి తిరిగొస్తే, దారిలో ఎక్కడో రోడ్డు గుండ్రంగా తిరిగిందని అర్థం. మేనల్లుడు గది గది తిరిగి, శాంపిల్ కలెక్షన్ బల్ల కింద దాన్ని కనిపెట్టాడు. అక్కడి ఐపీ ఫోన్‌కు వెనుక రెండు పోర్టులుంటాయి, ఒకటి గోడకు, ఇంకొకటి కంప్యూటర్‌కు. ఆ కంప్యూటర్‌ను వేరే గదికి మార్చాక వేలాడుతున్న తీగను, ఊడ్చేటప్పుడు అడ్డం వస్తుందని ఎవరో గోడలోని రెండో సాకెట్‌కు గుచ్చారు. స్విచ్‌లో ప్యాకెట్ల వరదను అదుపుచేసే స్టార్మ్ కంట్రోల్ ఉన్నందువల్ల మొత్తం కూలలేదు గానీ, మధ్యాహ్నం రిపోర్టులు మెల్లగా తెరుచుకుంటున్నాయని ల్యాబ్ టెక్నీషియన్లు చేసిన ఫిర్యాదు వెనుక ఉన్నది అదే. తీగ పీకేశారు, దానికి విడిగా డబ్బు అడగలేదు.

ఇక్కడితో కథ సుఖాంతమై ఉంటే ఈ సమీక్ష ఇంత పొడుగు ఉండేది కాదు. ఇరవై రెండు రోజులు నిశ్చింతగా గడిచాయి. ఇరవై మూడో రాత్రి మళ్లీ అదే హ్యాంగ్ వచ్చింది. టీఎస్ఓ ఆగే ఉంది, సెట్టింగ్ చెరగలేదు. ఇలాంటి సందర్భంలో చాలామంది మీరేదో ముట్టుకున్నారని అంటారు. ఈయన మాత్రం వచ్చి చూసి, "ఇది పట్టీ కట్టుడే అయింది సార్, పుండు మానలె. పోర్టే మార్చాలె" అన్నారు. మొదటి రోజునే పోర్టు మార్చమని ఎందుకు చెప్పలేదని నేను నిలదీశాను. ఒక్క వరుసతో పోయే అవకాశం ఉన్నప్పుడు మీతో ఖర్చు పెట్టించడం న్యాయం కాదనిపించిందన్నారు. నాకు ఆ జవాబు సబబుగానే తోచింది. మా డాక్టరు గారికి తోచలేదు, ఆ రాత్రి ఆయన రిపోర్టుల కోసం పదిన్నర వరకు కూర్చున్నారు మరి.

మార్చిన కార్డు ఐ350 చిప్‌తో ఉన్న నాలుగు పోర్టుల సర్వర్ కార్డు, పాత సర్వర్లలోంచి తీసిన సరుకు. 4,200 రూపాయలు తీసుకున్నారు. ఇది ఐజీబీ అనే వేరే డ్రైవర్‌తో నడుస్తుంది, సర్వర్ల కోసమే తయారైన కార్డు. ఈ రకం కార్డులకు నకిలీలు చాలా ఉన్నాయని, అందుకే తాను కొన్న ప్రతి కార్డునూ తన బల్ల మీద రెండు రోజులు బరువు పెట్టి నడిపాకే కస్టమర్‌కు ఇస్తానని చెప్పారు. నాకు చూపించిన కాగితంలో ఆ రెండు రోజుల లోపాల లెక్కలన్నీ సున్నాలే. కార్డు బిగించడంతో ఊరుకోకుండా దారులు విడదీశారు. ఒక పోర్టు వర్చువల్ మెషీన్ల బ్రిడ్జ్‌కు, ఇంకొకటి నేరుగా నాస్‌కు కేటాయించారు. మదర్‌బోర్డు మీది పాత పోర్టును పూర్తిగా పారేయక, ప్రాక్స్‌మాక్స్ నిర్వహణ పేజీకి మాత్రమే వదిలారు. అంత తేలిక పనిలో అది ఒక్కసారీ బిగుసుకోలేదు. కెర్నెల్ సందేశాలు ఎప్పటికప్పుడు వేరే కంప్యూటర్‌కు చేరేలా నెట్‌కన్సోల్ కూడా ఆ పోర్టు మీదే పెట్టారు. ముందే పెట్టి ఉంటే బాగుండేది కదా అన్నాను. నెట్‌వర్క్ పోయిన సంగతిని అదే నెట్‌వర్క్ మీద ఎలా పంపిస్తామని మేనల్లుడు అడిగాడు. రెండో దారి లేనిదే దాంతో ఉపయోగం లేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఇప్పుడు వారి పొరపాటు గురించి. కార్డు పెట్టిన రెండు నెలలకు ఒక ఎన్‌వీఎంఈ డిస్క్ (వేగంగా నడిచే రకం) కొని, ఆదివారం సాయంత్రం వారిచేతే పెట్టించాము. యంత్రం ఆన్ అయింది, నిర్వహణ పేజీలో ఆరు మెషీన్లూ పచ్చగా కనబడ్డాయి, వారు వెళ్లిపోయారు. సోమవారం ఉదయం ఏడింటికి, పరగడుపు రక్తపరీక్షలకు వచ్చినవారితో వరుస గుమ్మం దాటిన వేళ, ఏ కంప్యూటర్‌కూ బిల్లింగ్ అందలేదు. లినక్స్‌లో నెట్‌వర్క్ పోర్టు పేరు అది కూర్చున్న పీసీఐ బస్ (కార్డులు తగిలించే దారి) నంబరును బట్టి వస్తుంది. కొత్త డిస్క్ మధ్యలో చేరేసరికి బస్ నంబర్లు ఒకటి జరిగి, ఈఎన్‌పీ1ఎస్0ఎఫ్0 అని ఉన్న పోర్టు ఈఎన్‌పీ2ఎస్0ఎఫ్0 అయింది. బ్రిడ్జ్ మాత్రం పాత పేరు గల పోర్టు కోసం చూసి, అది లేకపోవడంతో ఖాళీగానే లేచింది. వర్చువల్ మెషీన్లు యథాప్రకారం నడుస్తున్నాయి, బయటికి దారి మాత్రం లేదు. ఇది ఈ పనిలో ఉన్నవారందరికీ తెలిసిన ఉచ్చే. మాక్ చిరునామాను (పోర్టుకు తయారీలోనే ఇచ్చిన నంబరును) బట్టి పేరు ఖాయం చేసే ఒక చిన్న లింక్ ఫైల్‌ను కార్డు పెట్టిన రోజే రాసి ఉండవలసింది, లేదా డిస్క్ పెట్టాక కనీసం ఒక రిసెప్షన్ కంప్యూటర్ నుంచి పింగ్ చేసి చూసి వెళ్లవలసింది. రెండూ చేయలేదు. మెషీన్లు పచ్చగా ఉంటే చాలుననుకున్నారు.

నలభై నిమిషాలు బిల్లులు చేత్తో రాశాము. అదృష్టం ఏమిటంటే, అంతకాలం మమ్మల్ని ఏడిపించిన పాత పోర్టు మదర్‌బోర్డులో భాగం కనుక దాని పేరు మారలేదు, నిర్వహణ పేజీ దాని మీద తెరుచుకుంది. ఆయన ఫోన్‌లో చెబుతుంటే బ్రిడ్జ్ సెట్టింగ్‌లో కొత్త పేరు నేనే మార్చాను. సాయంత్రం స్వయంగా వచ్చి లింక్ ఫైల్ రాసి, రెండుసార్లు రీబూట్ చేసి చూపించి, తప్పు తనదేనని డాక్టరు గారితో చెప్పారు. ఆ రోజుకూ, ముందురోజు డిస్క్ పెట్టినందుకూ డబ్బు తీసుకోలేదు. అయినా నా లెక్కలో అది చిన్న లోపం కాదు. లోపాన్ని కనిపెట్టడంలో అంత జాగ్రత్త చూపినవారు, పని ముగించి బయల్దేరేటప్పుడు అదే జాగ్రత్త చూపలేదు.

మిగిలిన ఇబ్బందులు ఇంత పెద్దవి కావు. రాత్రి ఎనిమిది దాటాక పెద్దాయన ఫోన్ ఎత్తడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. మేనల్లుడు ఎత్తుతాడు గానీ, "మామనడిగి చెప్తా" అంటాడు. నక్కలగుట్ట నుంచి మా దగ్గరికి రావడానికి మామూలు రోజుల్లో ఎంతో సేపు పట్టదు, కాని మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు వైపు రాలేమని, ఏదైనా ఉంటే ముందే చూపించుకోమని వారం ముందే ఫోన్ చేసి చెప్పారు. దాన్ని ఇబ్బంది అనాలో బాధ్యత అనాలో మీరే నిర్ణయించుకోండి. మొదటిసారి బిల్లును నోటుపుస్తకం కాగితం మీద రాసిచ్చారు. మా ఆడిటర్ ఒప్పుకోకపోతే, నాలుగుసార్లు అడిగాక అచ్చు బిల్లు వచ్చింది.

వారు వదిలి వెళ్లే మరొక కాగితం మాత్రం చాలా బాగుంటుంది. ర్యాక్ తలుపు లోపలివైపు అంటించిన ఏ4 కాగితం మీద ఏ తేదీన ఏ పోర్టుకు ఏం మార్చారో, మార్చకముందు ఎలా ఉండేదో, వెనక్కి తీసుకోవాలంటే ఏ ఫైల్‌లో ఏ వరుస తీసేయాలో తెలుగులోనే రాసి ఉంటుంది. కింది భాగంలో "నెట్ పోతే ముందు చూడవలసినవి" అని నాకోసం రాసిచ్చారు: మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయా, పోర్టు దీపం వెలుగుతోందా, కెర్నెల్ చివరగా ఏమంది, పోర్టు లెక్కల్లో లోపాల అంకె పెరుగుతోందా. ఈ నాలుగు చూశాకే ఫోన్ చేయాలని షరతు. మొదట్లో ఇదేదో పరీక్షలాగా అనిపించింది, ఇప్పుడు రెండు చిన్న సమస్యలు ఫోన్ చేయకుండానే తీరాయి.

ఖర్చు విషయానికి వస్తే, మొదటి రోజు పరిశీలనకు 1,500 రూపాయలు, రెండోసారి రాకకు 800, కార్డుకు 4,200, దారులు విడదీసి నెట్‌కన్సోల్ పెట్టినందుకు 2,500. మొత్తం 9,000 రూపాయలు. రెండో రాకకు తీసుకున్న 800 నాకు పూర్తిగా సమ్మతం కాదు. మొదటి మందు పనిచేయనప్పుడు రెండోసారి చూసినందుకు డబ్బు తీసుకోకూడదని నా వాదన. ఆయన వాదన వేరు, డాక్టరు మళ్లీ చూస్తే ఫీజు తీసుకోరా అని మా సెంటర్‌లోనే కూర్చుని అడిగారు. డాక్టరు గారు నవ్వి, ఇచ్చేయమన్నారు.

ఒక్క గంట కూడా ఆగకూడని పెద్ద ఆసుపత్రులు, రాత్రిపూట మనిషి తప్పనిసరిగా రావాలని ఒప్పందం రాసుకునే సంస్థలు వీరి దగ్గరికి వెళ్లడం అనవసరం, ఇద్దరు మనుషులతో అది అయ్యే పని కాదు. ఒకటి రెండు హోస్ట్‌లతో నెట్టుకొచ్చే క్లినిక్‌లు, కాలేజీలు, కాటన్ మిల్లుల ఆఫీసుల వంటి వాటికైతే నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అడిగినవారికి నంబరు నేరుగా ఇస్తాను, ముందుగా ఆయన్ని అడిగాకే. కొత్త కార్డు పెట్టి ఇప్పటికి ఏడు నెలలు. ర్యాక్ తలుపు మీది కాగితంలో హ్యాంగ్ అన్న గడిలో ఇరవై మూడో రాత్రి తరువాత కొత్త తేదీ పడలేదు. బ్యాకప్ మాత్రం ఇప్పటికీ రాత్రి 9.30కే మొదలవుతుంది. వేళ మార్చమంటారా అని అడిగితే, అక్కర్లేదు, బరువు పడితేనే కదా తెలిసేది అన్నారు.